విశాఖ ఉప్పుగాలికి నిలిచే టియర్‌డ్రాప్ ట్రైలర్: సొంతంగా కట్టుకునేవారికి సమగ్ర మార్గదర్శి

కారు వెనుక తగిలించుకుని వెళ్లేందుకు వీలుగా, లోపల ఇద్దరు పడుకునేంత చోటు, వెనుక తలుపు పైకెత్తితే వంటగట్టు ఉండే చిన్న బండిని టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటారు. ముందు గుండ్రంగా లేచి, వెనుకకు వాలుగా దిగే ఆ ఆకారాన్ని అమెరికాలో 1930ల నుంచీ ఇళ్ల వద్ద సొంతంగా కట్టుకుంటున్నారు. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ షీటు కొలతకు బండి మొత్తం ఒదిగిపోవడం వల్ల సాధారణ వడ్రంగం తెలిసినవారికి కూడా ఇది సాధ్యమయ్యే పని. అయితే ఎక్కడో పొడి వాతావరణం కోసం గీసిన నమూనాను ఉన్నదున్నట్టుగా విశాఖలో కడితే రెండు వర్షాకాలాలు దాటేసరికి ప్లై పొరలు విడిపోవడం, స్క్రూల చుట్టూ తుప్పు మరకలు దిగడం మొదలవుతాయి. మన ఊళ్లో ఈ బండిని పాడుచేసేది మోసే బరువు కాదు, ఉప్పుగాలి, తేమ. కాబట్టి ఈ మార్గదర్శిలో అందచందాల కంటే అంచులకు, అతుకులకు, రంధ్రాలకు ఎక్కువ చోటిచ్చాను.

పని మొదలుపెట్టే నెల కూడా ముఖ్యమే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపానులు ఉంటాయి కనుక, వానలు తగ్గగానే ఇనుప పని ముగించుకుని, గాలిలో తేమ కాస్త తక్కువగా ఉండే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడి నీటిని ఆపే రెసిన్), రంగుల పని పూర్తయ్యేలా చూసుకోవాలి. కప్పు ఉన్న చోటు తప్పనిసరి. టార్పాలిన్ కింద చేసిన ఎపాక్సీ పని మన ఊరి మంచుకు నిలవదు.

ముందుగా తేల్చుకోవలసిన కాగితాల సంగతి

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని నిర్వచనం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. సొంతంగా కదిలే ఇంజను లేకపోయినా దానికి రిజిస్ట్రేషను, థర్డ్ పార్టీ బీమా రెండూ ఉండాలి. అందువల్ల ఒక్క గొట్టం కూడా కొనకముందే కొలతలతో కూడిన గీత పట్టుకుని రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి, ఏయే పత్రాలు కావాలో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ట్రైలర్లు తయారుచేసే సంస్థ నుంచి బిల్లు, ఛాసిస్ నంబరు, అవసరమైన ధ్రువపత్రాలతో సహా ఛాసిస్ (చక్రాలతో కూడిన ఇనుప చట్రం) కొని, పై కట్టడం మాత్రమే మనం చేసుకోవడం నా దృష్టిలో చిక్కులు తక్కువగా ఉండే దారి. అలా కొన్నా, కింద చెప్పిన ఛాసిస్ లక్షణాలు అందులో ఉన్నాయో లేదో చూసుకునే తీసుకోవాలి. అలాగే మీ కారు మాన్యువల్‌లో ట్రైలర్ లాగడం గురించి ఏమి రాశారో చదవండి. లాగవద్దని స్పష్టంగా రాసి ఉంటే ఆ కారుతో ఈ ఆలోచన విరమించుకోవాలి.

కొలతలు, బరువు

గది పొడవు 244 సెంటీమీటర్లు, వెడల్పు 122, గోడ ఎత్తు 122గా పెట్టుకుంటే నేలకు ఒక షీటు, పక్క గోడలకు చెరొక షీటు సరిపోతాయి. అయిదు అడుగుల వెడల్పు చేస్తే నిద్రకు సుఖమే కానీ, చక్రాలు బయటికి ఉండే బండి కనుక మొత్తం వెడల్పు 195 సెంటీమీటర్లకు చేరి కారును మించిపోతుంది. నాలుగు అడుగులైతే చక్రాలతో కలిపి 165 నుంచి 170 లోపే ఉండి, కారు దూరిన చోటల్లా దూరుతుంది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మలుపుల్లో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు ఆ తేడా విలువ తెలుస్తుంది. నాలుగు అడుగులు ఇద్దరికి కాస్త ఇరుకైనా, అదే ఎంచుకోమంటాను.

సామానుతో సహా మొత్తం బరువు 450 కిలోలు దాటకూడదని ముందే నిర్ణయించుకుని, ప్రతి వస్తువునూ తూచి పుస్తకంలో రాసుకోవాలి. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై షీటు ఒక్కొక్కటి దాదాపు 25 కిలోలు, 18 మిల్లీమీటర్లదైతే 37 కిలోలకు పైగా ఉంటుంది. దిట్టంగా ఉంటుందని వడ్రంగి 18 వేయమంటే ఒప్పుకోవద్దు.

బరువు ఎంత అన్నదానికంటే అది ఎక్కడ పడుతుందన్నది ఇంకా ముఖ్యం. కారు కొక్కెం మీద ట్రైలర్ మోపే బరువు మొత్తంలో సుమారు పదో వంతు ఉండాలి. అంతకు బాగా తగ్గితే వేగంలో వెనుక బండి ఇటూ అటూ ఊగడం మొదలై, ఒకసారి మొదలయ్యాక ఆపడం కష్టమవుతుంది. లెక్క ఇలా చేయాలి. కొక్కెం నుంచి గది ముందు గోడ వరకు 1.2 మీటర్లు, ముందు గోడ నుంచి ఇరుసు వరకు 1.5 మీటర్లు అనుకుంటే, కొక్కెం నుంచి ఇరుసు దూరం 2.7 మీటర్లు. 450 కిలోల బండి కొక్కెం మీద 45 కిలోలు మోపాలంటే బరువు కేంద్రం ఇరుసుకు 27 సెంటీమీటర్లు ముందు, అంటే గది దాదాపు నడిమధ్యకు రావాలి. ఇప్పుడు వెనుక వంటగట్టులో, ఇరుసుకు 70 సెంటీమీటర్ల వెనుక 20 లీటర్ల నీళ్లు పెడితే కొక్కెం మీద బరువు దాదాపు 5 కిలోలు తగ్గుతుంది. ముందు పెట్టెలో, ఇరుసుకు 1.2 మీటర్ల ముందు, బ్యాటరీ, పనిముట్లు కలిపి 12 కిలోలు ఉంచితే ఆ 5 కిలోలు తిరిగి వస్తాయి. ఇలా ప్రతి వస్తువుకూ బరువును దూరంతో గుణించి, ఇరుసుకు ముందువి కలిపి, వెనుకవి తీసివేసి, 2.7తో భాగిస్తే కొక్కెం బరువు ముందుగానే తెలుస్తుంది. బండి పూర్తయ్యాక కొక్కెం కింద బాత్రూం తూకం యంత్రం పెట్టి సరిచూసుకోవచ్చు.

ఛాసిస్

ఉక్కు కర్మాగారం మన ఊళ్లోనే ఉన్నా అక్కడ తయారయ్యేవి ప్రధానంగా కడ్డీలు, యాంగిళ్లు, ఛానళ్ల వంటివి. మనకు కావలసినది 50 బై 50 మిల్లీమీటర్ల, 3 మిల్లీమీటర్ల మందం గల చదరపు గొట్టం. రెండు పొడవు గొట్టాలు, నాలుగు అడ్డ గొట్టాలు, ముందుకు త్రికోణంగా వెళ్లి కొక్కెం దగ్గర కలిసే రెండు గొట్టాలు కలిపి 13 నుంచి 14 మీటర్లు పడుతుంది. బరువు 55 నుంచి 60 కిలోల మధ్య వస్తుంది. ఆ త్రికోణపు గొట్టాలను ముందు అడ్డ గొట్టానికి అతికించి వదిలేయకుండా, దాని కిందుగా రెండో అడ్డ గొట్టం వరకు తీసుకువెళ్లి అక్కడ కూడా వెల్డింగ్ చేయించాలి. లాగే శక్తంతా ఆ మూలల మీదే పడుతుంది కనుక పగుళ్లు వచ్చేదీ అక్కడే. గాజువాక ఆటోనగర్‌లో లారీ బాడీలు, ట్రాలీలు కట్టే చెయ్యి తిరిగిన వెల్డర్లు ఉన్నారు. ఇంటి గేట్లు చేసే షాపుకు ఈ పని ఇవ్వవద్దు. నాలుగు మూలలూ లంబంగా ఉన్నాయో లేదో తెలియాలంటే ఎదురెదురు మూలల దూరం రెండు వైపులా కొలవాలి. ఆ రెండింటి తేడా 3 మిల్లీమీటర్లు మించితే పూర్తి వెల్డింగ్ చేయనివ్వకూడదు.

హబ్బులు (చక్రాలు బిగించే భాగాలు), బేరింగులు బిగించిన ట్రైలర్ ఇరుసు, తక్కువ పట్టీలున్న కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) చాలు. లారీ ట్రాలీల కట్టలు వేస్తే బండి బరువుకు అవి వంగనే వంగవు, గతుకు గతుకుకీ గది అదిరి అతుకులు వదులవుతాయి. హబ్బులను మీ కారు చక్రం బోల్టుల అమరికకే చేయించుకుంటే ఒకే స్టెప్నీ రెండింటికీ పనికివస్తుంది. ఇరుసు బ్రాకెట్లను చివర వరకు వెల్డింగ్ చేయించకుండా, ముందుకూ వెనుకకూ జరిపేందుకు వీలుగా బోల్టులతో ఉంచితే, పైన చెప్పిన బరువు లెక్క అసలు బండి మీద తేలిన తర్వాత స్థిరపరచవచ్చు.

కారు కొక్కెం బంపరుకు కాకుండా ఛాసిస్ భాగాలకు బోల్టులతో బిగించినదై ఉండాలి. దాని మీద ఉండే, ట్రైలర్ మూతి కప్పు తొడిగే బంతి కొలత విషయంలో జాగ్రత్త వహించాలి. 50 మిల్లీమీటర్ల బంతి, రెండు అంగుళాల బంతి ఒకటి కావు. రెండోది 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది, కనుక దానికోసం చేసిన కప్పును 50 బంతి మీద తొడిగితే వదులుగా కూర్చుంటుంది. బంతి, కప్పు రెండూ ఒకే కొలతవి కొని, కొక్కెం కింద రెండు భద్రతా గొలుసులను ఒకదాని మీదుగా మరొకటి వచ్చేలా తగిలించాలి. కొక్కెం ఊడినా ట్రైలర్ మూతి రోడ్డును తాకకుండా ఆ గొలుసులు మోస్తాయి.

ఇక తుప్పు. ఇక్కడ రెడాక్సైడ్ ఒక పూత, దాని మీద ఎనామెల్ ఒక పూత వేయడం అలవాటు. సముద్రానికి ఇంత దగ్గరలో అది చాలదు. అన్నింటికంటే మేలైనది వేడి జింకులో ముంచే గాల్వనైజింగ్. అలా చేయించదలిస్తే ప్రతి గొట్టానికీ రెండు కొసల దగ్గరా గాలి, జింకు వెళ్లే రంధ్రాలు ముందే వేయించాలి. మూసి ఉన్న గొట్టాన్ని కరిగిన జింకులో ముంచితే లోపలి తేమ ఆవిరై పేలే ప్రమాదం ఉంది. గాల్వనైజింగ్ తర్వాత మళ్లీ వెల్డింగ్ పెట్టకూడదు. పెడితే అక్కడ జింకు కాలిపోతుంది. ఆ వీలు లేకపోతే గొట్టాల కొసలన్నీ పలకలతో పూర్తిగా మూయించి, గ్రైండరుతో నల్ల పొర తీయించి, జింక్ ఎపాక్సీ ప్రైమరు, దానిపై రెండు పూతల పీయూ (పాలీయురేథేన్) రంగు వేయించాలి.

నేల, పక్క గోడలు

ప్లై కొనేటప్పుడు ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే అడగండి. ఐ.ఎస్. 303 ముద్రతో వచ్చే మామూలు రకం అలమారాలకు సరిపోతుంది కానీ అడుగు నుంచి రోడ్డు నీళ్లు కొట్టే నేలకు పనికిరాదు. ముద్ర ఉన్నా ఒక ముక్క కోసి అంచు చూడాలి. పొరల మధ్య ఖాళీలు కనబడితే ఆ షీటు తిప్పి పంపాలి.

నేల షీటును ఛాసిస్ మీద పెట్టే ముందే అడుగువైపు, నాలుగు అంచులకు మూడు పూతల ఎపాక్సీ పట్టించాలి. ప్లై నీరు తాగేది అంచు నుంచి. అక్కడ పొరల కొసలు తెరుచుకుని ఉంటాయి. మొదటి పూత వేసిన కొద్ది నిమిషాల్లోనే అంచు దాన్ని పీల్చేసి మళ్లీ పొడిగా కనిపిస్తుంది. పీల్చడం ఆగి, తడి మెరుపు నిలిచే వరకు వేస్తూనే ఉండాలి.

బోల్టు రంధ్రాల విషయంలో ఓపిక చూపినవారి బండే నిలుస్తుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు కోసం 8 రంధ్రం వేసి బిగించేస్తే ఆ రంధ్రం లోపలి గోడ అంతా పచ్చి చెక్కే. అందుకే మొదట 12 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, అడుగున టేపు అంటించి, పౌడరు కలిపి చిక్కగా చేసిన ఎపాక్సీతో దాన్ని నింపి, పూర్తిగా గట్టిపడిన మరునాడు దాని నడుమ 8 రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చుట్టూ 2 మిల్లీమీటర్ల ఎపాక్సీ గొట్టం మిగిలి, నీరు చెక్కను తాకదు. చక్రాల కవర్లు, లైట్లు, కీళ్లు, ఏవి బిగించినా ఇదే పద్ధతి. బోల్టులు, స్క్రూలు స్టెయిన్‌లెస్‌వి, వీలైతే 316 రకంవి తీసుకోవాలి. 304 రకం కూడా సముద్రపు గాలికి కొంతకాలంలో గోధుమరంగు మరకలు పడుతుంది.

పక్క గోడ ఆకారాన్ని మొదట కార్డుబోర్డు మీద గీసుకోవాలి. పలుచని పీవీసీ పట్టీని మేకుల మధ్య వంచి, దాని వెంట పెన్సిల్ నడిపితే మెలికలు లేని వంపు వస్తుంది. ముందు వంపు వ్యాసార్ధం 45 సెంటీమీటర్ల కంటే తగ్గించవద్దు. అంతకంటే బిగుతుగా వంచితే పైకప్పు ప్లై చిట్లుతుంది. ఒక గోడను జిగ్‌సాతో కోసి, అంచును ఉప్పుకాగితంతో నునుపు చేసుకుని, దాన్నే రెండో షీటు మీద బిగించి రౌటరు (అంచు వెంట చెక్కను చెక్కే యంత్రం)తో నకలు తీస్తే రెండు గోడలూ అచ్చంగా ఒకేలా వస్తాయి. తలుపు కోసం కోసిన ముక్కే తలుపవుతుంది కాబట్టి మూలలు గుండ్రంగా, రంపం దారి సన్నగా ఉండాలి. గోడలను నేల షీటు పక్కలకు ఆనించి, జిగురుతో, స్క్రూలతో బిగిస్తే లోపల పూర్తి నాలుగు అడుగుల వెడల్పు దక్కుతుంది.

పైకప్పు, వెనుక తలుపు

గోడ నుంచి గోడకు 30 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డ చెక్కలు వేసి, లోపలివైపు 4 మిల్లీమీటర్ల ప్లై, నడుమ 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ ఫోమ్ (వేడిని ఆపే, గట్టి థర్మోకోల్ వంటిది) పలక, బయట మళ్లీ 4 మిల్లీమీటర్ల ప్లై వేయాలి. ప్లై పై పొర నార షీటు పొడవునా సాగుతుంది. షీటును అలాగే పొడవునా వంచబోతే మొండికేస్తుంది. దాన్ని నాలుగు అడుగుల చదరపు ముక్కలుగా కోసి, నార బండికి అడ్డంగా వచ్చేలా తిప్పి పెడితే సులువుగా వంగుతుంది. ముక్కల అతుకు మాత్రం అడ్డ చెక్క నడిమధ్యకు రావాలి. గోడలకు ఫోమ్ అవసరం లేదని నా అభిప్రాయం. ఎండ వేడి ప్రధానంగా పైనుంచే దిగుతుంది, గోడలకు తెల్లరంగు, రెండు వైపులా కిటికీలు చాలు.

వెనుక తలుపును విడిగా నేల మీద తయారుచేసి తెచ్చి బిగించడం చాలామందికి తోచే పద్ధతి, కానీ అది సరిగా కూర్చోదు. వంచిన ప్లై బిగింపులు తీయగానే కొంత వెనక్కి విచ్చుకుంటుంది. అందుకే తలుపు పక్క కమ్మీలను గోడలకు ఆనించి, రెండు వైపులా 3 మిల్లీమీటర్ల ముక్కలు సందులో పెట్టి, బండి మీదే లోపలి ప్లై, అడ్డ చెక్కలు, బయటి ప్లై అన్నీ అతికించి, జిగురు పూర్తిగా ఆరాకే పైకెత్తాలి. పై కీలుకు పొడవాటి పియానో కీలు వాడి, దాని మీదుగా రబ్బరు పట్టీని ముందు అంచు మాత్రమే బిగించి వెనుకకు వేలాడేలా కప్పాలి. ఈ బండ్లలో నీరు కారే మొదటి చోటు అదే. తలుపు పూర్తయ్యాక తూచి, ఆ బరువుకు తగిన గ్యాస్ స్ట్రట్లు (తలుపును ఎత్తి నిలిపే కడ్డీలు) కొనాలి.

బయటి కవచానికి అల్యూమినియం రేకు చాలా చిత్రాల్లో మెరుస్తూ కనిపిస్తుంది. ఉప్పు తేమలో అల్యూమినియం, ఉక్కు తాకిన ప్రతిచోటా అల్యూమినియం తినేసుకుపోతుంది, రేకు కింద చేరిన నీరు కనబడదు. మన ఊరికి నేను సూచించేది ఫైబర్ గ్లాసు. చేపల రేవులో ఫైబర్ పడవలు చేసే పనివారికి ఈ పని చేతి అలవాటు. అయితే వారు సాధారణంగా వాడే పాలిస్టర్ రెసిన్ చెక్కకు ఎపాక్సీ అంత గట్టిగా పట్టదు కాబట్టి రెసిన్ ఎపాక్సీయే కావాలని ముందే చెప్పాలి. పలుచని గ్లాసు గుడ్డను అతుకులన్నింటి మీదుగా పరిచి, ఎపాక్సీ పూసి, రబ్బరు పలకతో అదనపు రెసిన్‌ను గీకేయాలి. గుడ్డ నేత కనబడేంత పలుచగా ఉన్నప్పుడే బలం, తేలిక రెండూ ఉంటాయి. తేమ గాలిలో ఆరిన ఎపాక్సీ మీద జిడ్డు పొర ఏర్పడుతుంది. ప్రతి పూతకూ మధ్య దాన్ని నీళ్లతో కడిగి, ఆరాక ఉప్పుకాగితం పట్టకపోతే తర్వాతి పూత పొట్టుగా లేస్తుంది. ఎండకు ఎపాక్సీ నిలవదు కనుక చివరగా లేత రంగు పీయూ పెయింట్ వేయాలి.

గాలి, కరెంటు, వంట

విశాఖ తేమలో ఫ్యాను లేకుండా ఈ గదిలో నిద్రపట్టదు. 12 వోల్టుల ఫ్యాను 2 ఆంపియర్ల చొప్పున తొమ్మిది గంటలు తిరిగితే 18 ఆంపియర్ అవర్లు, దీపాలు, ఫోన్ల ఛార్జింగు కలిపి మరో 8 లేదా 9 పడతాయి. 50 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక రాత్రికి ధారాళంగా సరిపోతుంది. 100 వాట్ల సోలార్ పలక ఉంటే మబ్బులేని పగటిపూట తిరిగి నిండుతుంది. ప్రధాన ఫ్యూజు బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. వైరు తగరం పూసిన రాగిదైతే ఉప్పుగాలికి ఆకుపచ్చ చిలుము పట్టదు. చలికాలంలో లంబసింగి వైపు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. సున్నా డిగ్రీలకు దిగువన ఈ రకం బ్యాటరీని వాడుకోవచ్చు కానీ ఛార్జింగు పెట్టకూడదు. వెనుక బ్రేకు, ఇండికేటర్, టెయిల్, నంబరు ప్లేటు దీపాలు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఏడు పిన్నుల సాకెట్ ద్వారా కారుకు కలుపుకోవాలి.

వంట వెనుక తలుపు కింద, ఆరుబయటే చేయాలి. వానగా ఉన్నా స్టవ్ లోపలికి తేకూడదు, బొగ్గుల కుంపటి అసలే పనికిరాదు. ఇంత చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా తెలియకుండా ప్రాణం తీస్తుంది. వంటగ్యాస్ గాలికంటే బరువైనది కాబట్టి సిలిండరు గూటికి అడుగున బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, ఆ గూటికీ పడక గదికీ మధ్య సందు ఉండకూడదు. తలుపులు మూసినా గాలి ఆడేలా కింద ఒకటి, పైన ఒకటి వెంటిలేటర్లు తప్పనిసరి.

నీటి పరీక్ష, రోడ్డు పరీక్ష

పరుపు వేయకముందే లోపల అతుకుల వెంట, తలుపుల కింద, కిటికీల కింద పొడి వార్తాపత్రికలు పరిచి, బయట నుంచి పైపుతో అరగంటసేపు అన్ని వైపులా నీళ్లు కొట్టించాలి. పైకప్పు మీద, కీలు దగ్గర ఎక్కువసేపు కొట్టాలి. కాగితం మీద పడిన చుక్క కూడా స్పష్టంగా కనబడుతుంది. తడిసిన చోట లోపల సీలెంట్ రాస్తే ప్రయోజనం లేదు, నీరు దూరే దారి బయటే వెతికి మూయాలి.

మొదటి ప్రయాణానికి భీమిలి బీచ్ రోడ్డు అనుకూలం. ఖాళీ బండితో ఒకసారి, సామానుతో ఒకసారి వెళ్లి, బ్రేకు వేసినప్పుడు వెనుక నుంచి వచ్చే తోపుడు అలవాటు చేసుకోవాలి. వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి. పొట్టి ట్రైలర్ స్టీరింగ్ కొద్దిగా కదిపినా చప్పున అడ్డం తిరుగుతుంది. 50 కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు మళ్లీ బిగించి, హబ్బుల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే బేరింగు బిగువు ఎక్కువైందని అర్థం. ఇవన్నీ సరిపోయాకే అరకు ఘాట్‌కు వెళ్లాలి. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉంచి, బ్రేకును పట్టి పట్టి వదలాలి.

ఇంటికి రాగానే అడుగు భాగం, ఇరుసు, గొలుసులు మంచినీళ్లతో కడగాలి. నిలిపి ఉంచినప్పుడు ముందు భాగం కాస్త ఎత్తుగా ఉంచితే వాన నీరు కీలు మీద నిలవకుండా వెనుకకు జారిపోతుంది. అక్టోబరు వచ్చేలోపు ఛాసిస్‌ను నాలుగు వైపులా తాళ్లతో కట్టేందుకు నేలలో కొక్కేలు పాతుకోవాలి. 2014లో హుద్‌హుద్ వీచినప్పుడు ఈ ఊళ్లో ఇంతకంటే ఎన్నో రెట్లు బరువైనవి చోటు వదిలి కదిలాయి.